చిన్న ఊరి ఫైబర్ గదికి ఎర్తింగ్, కరెంటు, బ్యాటరీ: గుంత తవ్వడం నుంచి అలారం మోగేదాకా

మండల కేంద్రంలో వెయ్యి, రెండు వేల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే గదిని తీసుకుందాం. రెండు ఓఎల్‌టీలు (ఇళ్లకు వెళ్లే ఫైబర్లు మొదలయ్యే పెట్టెలు), ఒక రౌటర్, రెండు స్విచ్‌లు, కేబుల్ టీవీ సిగ్నల్‌కు ఒక ఈడీఎఫ్ఏ (ఫైబర్‌లో వెలుగును పెంచే యాంప్లిఫైయర్). వీటిని ఎంచుకోవడానికి జనం నెలల తరబడి బేరాలాడతారు. వాటిని నిలబెట్టే కరెంటు పని మాత్రం వీధి చివరి ఎలక్ట్రీషియన్‌కు ఒక్క పూటలో అప్పగిస్తారు. తర్వాత పిడుగు పడిన ప్రతిసారీ కార్డులు పోతుంటే తప్పు ఓఎల్‌టీ మీద వేస్తారు. ఈ పనిలో వరస ముఖ్యం: లెక్క, గది, ఎర్తింగ్, మెయిన్స్, పవర్ ప్లాంట్ (మెయిన్స్‌ను డీసీగా మార్చి పంచే పెట్టె), బ్యాటరీ, ఆ తర్వాతే పరికరాలు. ఒక మెట్టు మీద కొలత సరిగ్గా రాకపోతే పై మెట్టు ఎక్కవద్దు.

ముందు కాగితం మీద లెక్క

పరికరం వెనక స్టిక్కర్ మీద ఉండేది గరిష్ఠ వాట్లు. అన్ని స్లాట్లూ నిండి, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగితే తీసుకునే కరెంటు అది. అదే పరికరం వేరేచోట నడుస్తుంటే క్లాంప్ మీటర్‌తో కొలిచిన అంకె ఇంకా మంచిది. మన ఉదాహరణలో ఓఎల్‌టీలు రెండూ కలిపి 260 వాట్లు, రౌటర్ 250, స్విచ్‌లు 120, ఈడీఎఫ్ఏ 70. మొత్తం 700. రేపటి పెరుగుదలకు 30 శాతం దాకా కలిపి 900 వాట్లు అనుకుందాం.

ఈ గది నడిచేది 48 వోల్టుల డీసీ మీద. 48 వోల్టుల దగ్గర 900 వాట్లంటే దాదాపు 19 ఆంపియర్లు. బ్యాటరీ దిగిపోయి 44 వోల్టులకు వచ్చేసరికి అదే లోడు 20.5 ఆంపియర్లు లాగుతుంది, ఎందుకంటే ఈ పరికరాలు వోల్టేజి తగ్గితే కరెంటు పెంచుకుంటాయి. కేబుల్, ఎంసీబీ (కరెంటు మించితే దానంతటదే తెగే స్విచ్) లెక్కలు ఈ పెద్ద అంకెతోనే వేయాలి.

బ్యాకప్ 6 గంటలు కావాలంటే 19 × 6 = 114 ఏహెచ్ (ఆంపియర్-గంటలు). ఇక్కడే ఆగి 120 ఏహెచ్ బ్యాటరీ కొనేవాళ్లు చాలామంది. దాని మీద మూడు కోతలున్నాయి. బ్యాటరీని 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు. 10 గంటల రేటుకు చెప్పిన సామర్థ్యం 6 గంటల్లో లాగితే సుమారు 88 శాతమే వస్తుంది. ముసలిదయ్యాక 80 శాతమే మిగులుతుంది. 114ను ఈ మూడింటి లబ్ధంతో, అంటే 0.56తో భాగిస్తే దాదాపు 200 ఏహెచ్. మన బ్యాటరీ బ్యాంకు ఇదే: 2 వోల్టుల వీఆర్‌ఎల్‌ఏ (సీలు వేసిన లెడ్-యాసిడ్) సెల్స్ 24, ఒక్కొక్కటి 200 ఏహెచ్.

మెయిన్స్ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ లోడుకు 19 ఆంపియర్లు ఇస్తూనే బ్యాటరీకి పదో వంతు, అంటే 20 ఆంపియర్లు ఇవ్వాలి. మొత్తం 39. 25 ఆంపియర్ల మాడ్యూళ్లు రెండు చాలు. ఒకటి చెడినా బండి ఆగకుండా మూడోది కూడా పెట్టాలి. ఈ మూడో మాడ్యూల్ దగ్గర పొదుపు చేసినవాళ్లు ఆదివారం రాత్రి స్పేర్ కోసం వంద కిలోమీటర్లు తిరుగుతారు.

ఇంటి ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టుల మీదే అన్నీ నడిపితే పోలేదా అని అడుగుతారు. నడుస్తుంది. కానీ బ్యాటరీ డీసీని ఏసీగా మార్చి, పరికరం లోపల మళ్లీ డీసీగా మార్చడంలో రెండుసార్లు నష్టం. పైగా ఆ ఒక్క ఇన్వర్టర్ కాలితే మొత్తం చీకటి. 48 వోల్టుల పద్ధతిలో బ్యాటరీ నేరుగా బస్‌బార్‌కు (తీగలన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీకి) తగిలించి ఉంటుంది కాబట్టి, కరెంటు పోయినప్పుడు మారాల్సిన స్విచ్చే ఉండదు.

గది

10 అడుగులు × 12 అడుగులు సరిపోతుంది. పైన నీళ్ల ట్యాంకు గానీ పక్క గోడకు బాత్రూమ్ గానీ ఉన్న గది ఎంత చవకగా వచ్చినా వద్దు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో పాతవాళ్లను అడిగి, అంతకన్నా పైన అరుగు కట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు నేలమీద పెట్టిన బ్యాటరీలకు, మొదటి అంతస్తులో ఉన్నవాటికి తేడా తెలిసింది.

మేడ మీద పెడితే బరువు చూడాలి. 200 ఏహెచ్ సెల్స్ 24, ఇనుప స్టాండుతో కలిపి 350 కిలోల పైమాటే. శ్లాబ్ నడిమధ్యలో కాకుండా గోడవారగా, బీమ్ మీదుగా స్టాండు పరచాలి. అదే సామర్థ్యం లిథియం ఫెర్రో ఫాస్ఫేట్‌లో రెండు 100 ఏహెచ్ ప్యాకులు, రెండూ కలిపి 90 కిలోలు మించవు.

ర్యాక్ ముందు 3 అడుగులు, వెనక కనీసం 2 అడుగులు వదలండి. వెనక వైపు గోడకు ఆనించిన ర్యాక్‌లో ఏ లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొస) వదులైందో ఎవరికీ కనిపించదు. నాలుగు మూలలా ఎం10 లేదా ఎం12 యాంకర్ ఫాస్టెనర్లతో నేలకు బిగించాలి.

900 వాట్ల వేడి గంటకు దాదాపు 3,070 బీటీయూలు. దానికి రెక్టిఫైయర్ వేడి, పడమటి గోడ ఎండ కలిసినా ఒక టన్ను ఏసీ లాగుతుంది. 1.5 టన్నులవి రెండు పెట్టి టైమర్‌తో మార్చి మార్చి నడపడం మంచిది. ఏసీ ఇండోర్ యూనిట్ ర్యాక్ మీదికి గానీ బ్యాటరీ మీదికి గానీ రాకూడదు. డ్రెయిన్ పైపు పూడుకుపోయిన రోజు ఆ నీళ్లు నేరుగా ఓఎల్‌టీ మీద పడతాయి.

కేబుల్ వచ్చే రంధ్రాలను ఫైర్ సీలెంట్‌తో మూయండి. ఎలుక ప్యాచ్ కార్డు (పరికరానికి తగిలించే పొట్టి ఫైబర్) కొరికితే ఒక వీధి పోతుంది. బల్లి బస్‌బార్ల మధ్య పడితే గది మొత్తం పోతుంది. మూత లేని డీసీ బస్‌బార్ మన ఊళ్లలో ఉండకూడదు.

ఎర్తింగ్: ఇక్కడే ఎక్కువ సేపు ఆగాలి

"ఒక ఓం రావాలి" అని అందరూ అంటారు. అది రాడ్ కంటే ఎక్కువగా నేల మీద ఆధారపడుతుంది. 6 అంగుళాల బోరులో 3 మీటర్ల రాడ్ దింపి బెంటొనైట్ లేదా గ్రాఫైట్ పొడి నింపారనుకోండి. నేల రెసిస్టివిటీ (మట్టి కరెంటుకు ఇచ్చే అడ్డు) 10 ఓం-మీటర్లుంటే, డెల్టాలోని తడి నల్లరేగడి లాంటిది, ఆ ఒక్క రాడ్ సుమారు 2 ఓంలు ఇస్తుంది. రెండు పెడితే 1 వస్తుంది. అదే నేల 100 ఓం-మీటర్లయితే ఒక రాడ్ 20 ఓంల పైనే. తెలంగాణలో రాయి పైకి తేలిన చోట్ల ఇంకా ఘోరం. అక్కడ మూడు రాడ్లతో 1 ఓం తెచ్చానని ఎవరైనా చెబితే మీటర్ ఎలా పెట్టాడో అడగాలి.

లోతుకు పోలేనప్పుడు అడ్డంగా పోవాలి. 100 ఓం-మీటర్ల నేలలోనే 60 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి 20 మీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ పరిస్తే సుమారు 9 ఓంలు వస్తుంది. బోరు కొట్టిన రాడ్ ఇచ్చే దానిలో సగం కన్నా తక్కువ, ఖర్చూ తక్కువే. గది చుట్టూ ఈ పట్టీని ఉంగరంలా తిప్పి, మూలల్లో రాడ్లు కలిపితే మంచి పని.

చేసే పద్ధతి ఇది:

1. మూడు చోట్ల 6 అంగుళాల బోరు, 3 మీటర్ల లోతు. రాడ్‌కు రాడ్‌కు మధ్య కనీసం 3 మీటర్లు, చోటుంటే 6. దగ్గరదగ్గరగా పెడితే ఒకదాని ప్రాంతంలో మరొకటి చేరి రెండో రాడ్ డబ్బు వృథా.
2. రాగి పూత రాడ్ నడిమధ్యలో నిలిపి, బ్యాక్‌ఫిల్ పొడిని నీళ్లతో చిక్కగా కలిపి పోయాలి. 6 అంగుళాల బోరుకు 25 కిలోల బస్తాలు రెండు దాకా పడతాయి. పొడిగా పోసి పైన నీళ్లు కొడితే లోపల గాలి గుల్లలు మిగులుతాయి.
3. మూడు రాడ్లనూ 25 × 3 ఎంఎం రాగి పట్టీతో కలపండి. మట్టిలో రాగికి, జీఐకి నేరుగా జాయింట్ వేయకూడదు. తడి తగిలితే జీఐ మీది జింకు తినిపోతుంది.
4. పట్టీని గదిలోకి తెచ్చి గోడ మీద ఇన్సులేటర్లపై రాగి బస్‌బార్‌కు బిగించండి. ఇదే ప్రధాన ఎర్త్ బార్.
5. పిట్ మీద మూత ఉన్న చాంబర్ కట్టండి, రాడ్ తల కనిపించాలి.

కొలవడానికి మూడు పిన్నుల మీటర్ కావాలి. ఒక్క రాడ్ అయితే కరెంటు పిన్ను 30 మీటర్ల దూరంలో, వోల్టేజి పిన్ను 18.5 మీటర్ల దగ్గర, అంటే 62 శాతం దూరంలో, అదే గీత మీద. తర్వాత వోల్టేజి పిన్నును అటూ ఇటూ రెండు మీటర్లు జరిపి చూడండి. అంకె పెద్దగా మారకపోతే నమ్మవచ్చు. మారితే కరెంటు పిన్నును ఇంకా దూరం తీసుకెళ్లాలి. రాడ్లన్నీ కలిపిన గ్రిడ్‌కు ఇంకా ఎక్కువ దూరం పడుతుంది. క్లాంప్ రకం ఎర్త్ మీటర్ వేరే దేనికీ కలవని ఒంటరి రాడ్ మీద పనిచేయదు. దానికి కరెంటు తిరిగి రావడానికి దారి ఉండాలి. కొలత ఎండాకాలంలో తీసుకోండి. వాన పడిన మర్నాడు తీసిన రీడింగ్ ఫొటోకే పనికొస్తుంది.

ఇక పాత వాదన. "కరెంటోళ్ల ఎర్త్ వేరు, మన ఎక్విప్‌మెంట్ ఎర్త్ వేరు, కలిపితే గోల వస్తుంది." ఇది కార్డులను చంపే నమ్మకం. పిడుగు పక్క వీధిలో పడినా రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా ఒక క్షణం పుడుతుంది. రెక్టిఫైయర్‌కు ఒక కాలు అటు, ఓఎల్‌టీకి ఒక కాలు ఇటు ఉంటే ఆ తేడా పరికరాల్లోంచే పోతుంది. భూమి నిరోధం 1 ఓమా 5 ఓములా అన్నదానికన్నా, గదిలో ఉన్న ఇనుమంతా ఒకే బార్‌కు కట్టి ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. సర్వీస్ ఎర్త్ (కరెంటోళ్లది), ర్యాక్, బ్యాటరీ స్టాండు, కేబుల్ ట్రే, మేడ మీద ఇనుప స్తంభం ఉంటే దాని ఎర్త్, అన్నీ ప్రధాన బార్‌కు రావాలి. పిట్‌లు ఎన్నైనా కట్టండి, కింద అన్నీ కలవాలి. ఎర్తింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3043 చెప్పేదీ ఇదే దారి.

కొలతలు: ప్రధాన బార్ నుంచి పవర్ ప్లాంట్‌కు 35 స్క్వేర్ ఎంఎం, ర్యాక్‌కు 16, ర్యాక్ బార్ నుంచి ప్రతి పరికరానికి 6. అన్నీ ఆకుపచ్చ-పసుపు రాగి తీగలే. రంగు వేసిన ర్యాక్ మీద లగ్గు పెట్టే చోట పెయింట్ గీకాలి. ఎర్త్ తీగ లంబకోణంలో విరగకూడదు, చుట్ట చుట్టి మిగులు దాచకూడదు. పిడుగు కరెంటుకు ఆ చుట్ట ఒక చోక్, అంటే అడ్డు.

బయటి నుంచి వచ్చే ఆర్మర్డ్ ఫైబర్‌లో ఇనుప తొడుగు ఉంటుంది. దాన్ని గది ద్వారం దగ్గరే కోసి, క్లాంపుతో ఎర్త్ బార్‌కు కట్టండి. "ఫైబర్‌లో కరెంటు రాదు కదా" అని ఆర్మర్‌తోనే ర్యాక్ దాకా తెస్తే, ఆ తొడుగు స్తంభం మీద పడిన పిడుగును గదిలోకి మోసుకొస్తుంది. ఎఫ్‌ఆర్‌పీ (గాజుపీచు ప్లాస్టిక్) రాడ్ మాత్రమే ఉన్న కేబుల్‌కు ఈ బాధ లేదు.

మెయిన్స్

లోడు, ఛార్జింగ్ కలిపి 39 ఆంపియర్లు 54 వోల్టుల దగ్గర 2.1 కిలోవాట్లు. నష్టంతో మెయిన్స్ నుంచి 2.3 లాగుతుంది. కేబుల్ మాత్రం మూడు మాడ్యూళ్ల పూర్తి సామర్థ్యానికి, అంటే 4.4 కిలోవాట్లకు వేయాలి. ఒక ఏసీ కలిస్తే 6 దాటుతుంది. అందుకే మూడు ఫేజుల కనెక్షన్ తీసుకోవడం మేలు. దీనిలో అసలు లాభం వేరే ఉంది. మాడ్యూల్‌కు ఒక ఫేజు చొప్పున పంచితే, ఊళ్లో ఒక ఫేజు పోయినా రెండు మాడ్యూళ్లు నడుస్తూనే ఉంటాయి.

దీనితో వచ్చే ప్రమాదం న్యూట్రల్ తెగడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ లూజైతే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 230 నుంచి 400 వైపు ఎగబాకుతుంది. మంచి రెక్టిఫైయర్ 300 దాటితే తనంతట తాను ఆగిపోతుంది. ఏసీ, ఎల్‌ఈడీ లైట్లు, కెమెరా అడాప్టర్లు అలా ఆగవు. 270 వోల్టుల దగ్గర తెగ్గొట్టే ఓవర్-అండర్ వోల్టేజి రిలేను మెయిన్ మీద పెట్టండి.

సింగిల్ ఫేజే దొరికితే 6 స్క్వేర్ ఎంఎం రాగి, 32 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ.

సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు తెచ్చే అధిక వోల్టేజిని ఎర్త్‌కు మళ్లించేది) క్లాస్ 1+2 రకం, మెయిన్ డీబీలోనే (డిస్ట్రిబ్యూషన్ బోర్డు). దాని పనితనం తీగల పొడవులో ఉంది. ఫేజు నుంచి ప్రొటెక్టర్‌కు, ప్రొటెక్టర్ నుంచి ఎర్త్‌కు, రెండూ కలిపి అర మీటరు దాటకూడదు. ప్రతి అదనపు మీటరు మీదా సర్జ్ సమయంలో వెయ్యి వోల్టులు, అంతకన్నా ఎక్కువ నిలుస్తుంది. ఖరీదైన ప్రొటెక్టర్‌కు రెండు మీటర్ల తీగ వేసి కూర్చోబెట్టడం చాలా డీబీల్లో కనిపించే దృశ్యం. దాని కిటికీ పచ్చగా ఉందో ఎర్రగా మారిందో నెలకోసారి చూడాలి.

ఆన్ చేసే ముందు మూడు రీడింగులు: ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్. చివరిది లోడు ఉన్నప్పుడు కూడా 2, 3 వోల్టులు మించకూడదు. 20, 30 చూపిస్తే న్యూట్రల్ లూజో ఎర్త్ తెగిందో వెతకాలి.

జెనరేటర్ ఉంటే ఛేంజోవర్ స్విచ్ నాలుగు పోళ్లది తీసుకోండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ ఛార్జింగ్ కరెంటును పవర్ ప్లాంట్ కంట్రోలర్‌లో తగ్గించే సదుపాయం వాడుకోండి. ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణానికీ పూర్తి ఛార్జింగ్‌కూ చిన్న జెనరేటర్ తట్టుకోలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు రాలేదు. తీర ప్రాంతంలో 6 గంటల బ్యాటరీతో పాటు, బయటి నుంచి అద్దె జెనరేటర్ తగిలించే సాకెట్ ఒకటి గోడకు సిద్ధంగా ఉండాలి.

పవర్ ప్లాంట్, బ్యాటరీ

ఈ 48 వోల్టుల పద్ధతిలో ప్లస్ ఎర్త్‌కు కట్టి ఉంటుంది, మైనస్ లైవ్ తీగ. పాత టెలిఫోన్ రోజుల్లో భూమిలో పాతిన రాగి కేబుళ్లు ఎలక్ట్రాలిసిస్‌తో తినిపోకుండా ఇలా తిప్పారు. ప్రపంచమంతా అదే కొనసాగుతోంది. ప్లస్ బార్‌ను ఎర్త్‌కు ఒక్కచోటే, పవర్ ప్లాంట్ దగ్గర కలపండి. ర్యాక్‌లోనూ మళ్లీ కలిపితే లోడు కరెంటులో కొంత ఎర్త్ తీగల మీదుగా తిరుగుతుంది, లోపం వెతకడం నరకమవుతుంది.

రంగులు నమ్మవద్దు. మన దేశంలో చాలాచోట్ల ప్లస్ ఎరుపు, మైనస్ నీలం. కొన్ని కంపెనీల పరికరాలతో వచ్చే తీగల్లో మైనస్ నీలం, ప్లస్ నలుపు. కారు బ్యాటరీ అలవాటున్న మనిషి నలుపును మైనస్ అనుకుని తగిలిస్తాడు. ప్రతి చివరా మీటర్ పెట్టే తగిలించాలి.

బ్యాటరీ నుంచి ప్లాంట్‌కు తీగ లెక్క: నష్టపోయే వోల్టులు = 2 × పొడవు × ఆంపియర్లు × 0.0175 ÷ స్క్వేర్ ఎంఎం. 5 మీటర్ల దూరం, 50 ఆంపియర్లు, 16 స్క్వేర్ ఎంఎం తీసుకుంటే 0.55 వోల్టు. 25 అయితే 0.35. బ్యాటరీ నుంచి పరికరం దాకా మొత్తం మీద ఒక వోల్టు మించవద్దు కాబట్టి 25 వేయండి. బ్యాటరీ దగ్గరే 63 ఆంపియర్ల డీసీ ఎంసీబీ లేదా ఫ్యూజు ఉండాలి. ప్లాంట్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. మధ్యలో కేబుల్ ఎలుక కొరికినా కాపాడేది అదే.

ఇంటి ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆర్క్ ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, ఆర్క్ నిలబడి ఎంసీబీనే కాలుస్తుంది. డీసీ ఎంసీబీల్లో కొన్నింటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. తిరగేసి పెడితే అవీ ఆర్క్ ఆర్పలేవు. ఎంసీబీ మైనస్ తీగ మీదే, ప్లస్ మీద వద్దు.

లగ్గుల విషయంలో ఒక్కటే నియమం: తీగ సైజుకు సరిపోయే టిన్ పూత రాగి లగ్గు, హెక్స్ డైతో హైడ్రాలిక్ క్రింపింగ్. సుత్తితో కొట్టిన లగ్గు ఆరు నెలలు బాగానే ఉంటుంది, ఏడో నెల వేడెక్కుతుంది.

బ్యాటరీ పనికి ముందు ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసేయాలి. స్పానర్లకు ఇన్సులేషన్ టేప్ చుట్టాలి. 200 ఏహెచ్ బ్యాంకు షార్ట్ అయితే వచ్చేది వేల ఆంపియర్లు. 48 వోల్టులు షాక్ కొట్టదన్న ధీమాతో చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు.

1. ప్రతి సెల్ విడిగా కొలిచి కాగితం మీద రాయండి. తాజా సెల్ 2.13 నుంచి 2.15 వోల్టులు చూపాలి. మిగతావాటి కన్నా స్పష్టంగా తక్కువగా ఉన్నదాన్ని కలపకుండా తిప్పి పంపండి. పాత సెల్, కొత్త సెల్ ఒకే వరసలో వద్దు. బలహీనమైనది ముందు ఖాళీ అయి తిరగబడుతుంది, బ్యాంకునంతా తనతో లాగుతుంది.
2. సెల్స్ మధ్య 10 ఎంఎం సందు. గాలి ఆడాలి.
3. లింకులు టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకెకే బిగించాలి. ఎక్కువైతే సీసం టెర్మినల్ సీలు విరుగుతుంది. పైన పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి.
4. అన్నీ కలిపాక మొత్తం 51 నుంచి 51.6 వోల్టుల మధ్య రావాలి. 47 వచ్చిందంటే ఒక సెల్ తిరగేసి పెట్టారు.

లిథియం ప్యాకు పెడితే ఇందులో సగం పని తప్పుతుంది, వేడికీ అది కొంచెం నయం. వీఆర్‌ఎల్‌ఏ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకూ సగమవుతుంది. ఏసీ నమ్మకం లేని గదికి లిథియమే లెక్క కుదురుతుంది. కానీ 15 సెల్స్ ప్యాకా 16 సెల్స్ ప్యాకా చూసి, దానికి తగ్గ వోల్టేజి పెట్టాలి. వీఆర్‌ఎల్‌ఏతో సమాంతరంగా కలపకూడదు. రెండింటి ఛార్జింగ్ తీరు వేరు.

ఆన్ చేయడం

ఎంసీబీలన్నీ దించి ఉంచి, బస్‌బార్‌ల మధ్య షార్ట్ లేదని ఓం మీటర్‌తో చూశాక ఒక్క రెక్టిఫైయర్ ఆన్ చేయండి. కంట్రోలర్‌లో పెట్టాల్సినవి:

- ఫ్లోట్ (నిండిన బ్యాటరీని నిలిపి ఉంచే వోల్టేజి): 54.0 వోల్టులు (సెల్‌కు 2.25, 27 డిగ్రీల దగ్గర)
- బూస్ట్ (ఖాళీ అయ్యాక త్వరగా నింపే వోల్టేజి): 55.2 వోల్టులు (సెల్‌కు 2.30)
- బ్యాటరీ ఛార్జింగ్ పరిమితి: 20 ఆంపియర్లు
- లో వోల్టేజి డిస్‌కనెక్ట్ (బ్యాటరీ ఇంత దిగితే లోడును తెగ్గొట్టేది): 44.4 వోల్టులు (సెల్‌కు 1.85)
- ఉష్ణోగ్రత సవరణ: డిగ్రీకి 72 మిల్లీవోల్టులు (సెల్‌కు 3 చొప్పున 24 సెల్స్‌కు)

ఉష్ణోగ్రత సెన్సర్‌ను పైపై గాలిలో వేలాడదీయకుండా మధ్య సెల్ ఒంటికి అంటించాలి. కస్టమర్ల ఫోన్లు ఆపడానికి డిస్‌కనెక్ట్‌ను తీసేసే అలవాటు ఒకటుంది. అలా 40 వోల్టుల దాకా లాగిన బ్యాంకు సల్ఫేటు పట్టి మర్నాటి నుంచి రెండు గంటలు కూడా ఇవ్వదు.

బ్యాటరీ ఎంసీబీ వేసే ముందు దాని రెండు వైపులా ప్లస్ బార్‌తో కొలవండి. ఒకవైపు మైనస్ 51.5, మరోవైపు మైనస్ 54 రావాలి. గుర్తు వేరైతే ఎంసీబీ వేయకండి, తీగలు తారుమారయ్యాయి. గుర్తులు సరిగ్గా ఉంటే ప్లాంట్ వోల్టేజిని 52 దాకా తగ్గించి ఎంసీబీ వేయండి, మెరుపు రాదు. తర్వాత మళ్లీ 54కు పెంచండి.

ఒక రోజు ఛార్జ్ చేశాక పరీక్ష: మెయిన్స్ ఆపి 20 ఆంపియర్ల లోడు పెట్టి, గంటకోసారి ప్రతి సెల్ వోల్టేజి రాయాలి. 10 గంటలు రావాలి. కొత్త వీఆర్‌ఎల్‌ఏ మొదటిసారి కొంచెం తక్కువ ఇవ్వవచ్చు, రెండు మూడు విడతల్లో పుంజుకుంటుంది. ఒక్క సెల్ మాత్రం ముందే 1.75కు జారితే అది లోపమే, గ్యారంటీ కింద మార్పించండి. ఆ కాగితం దాచండి, ఏడాది తర్వాత పోల్చడానికి.

ర్యాక్‌లోకి

ప్రతి పరికరానికి ఏ, బీ అని రెండు ఫీడ్లు, వేర్వేరు ఎంసీబీల నుంచి. ఒక ఓఎల్‌టీ 3 ఆంపియర్లు లాగితే 10 ఆంపియర్ల డీసీ ఎంసీబీ, 4 స్క్వేర్ ఎంఎం తీగ. ప్లగ్ పరికరానికి గుచ్చేముందు ప్లగ్ దగ్గరే ధ్రువం కొలవాలి. రెండు ఫీడ్లు వేసి, ఒకటి ఆపి, మరొకటి ఆపి చూడండి. పరికరం కనురెప్ప కూడా వేయకూడదు.

పవర్ తీగలు ట్రే ఒక అంచున, డేటా తీగలు మరో అంచున, మధ్యలో ఒక జానెడు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఫైబర్ ప్యాచ్ కార్డులకు వేరే పసుపు డక్ట్. వంపు 30 ఎంఎం వ్యాసార్ధం తగ్గకూడదు. నైలాన్ టై కాకుండా వెల్క్రో వాడండి. నైలాన్ గట్టిగా లాగిన చోట సిగ్నల్ డెసిబెల్స్ రాలిపోతాయి.

అలారాలు, ఆ తర్వాత

మెయిన్స్ పోవడం, రెక్టిఫైయర్ ఫెయిల్, బ్యాటరీ తక్కువ, గది వేడి, పొగ, తలుపు. ఈ ఆరింటి డ్రై కాంటాక్టులు (సొంత వోల్టేజి లేకుండా తెరిచి మూసే స్విచ్ తీగలు) ఓఎల్‌టీ అలారం పోర్టుకో కంట్రోలర్ నెట్‌వర్క్ పోర్టుకో తేవాలి. కాంటాక్టు మామూలుగా మూసి ఉండేలా ఎంచుకుంటే తీగ తెగినా అలారం వస్తుంది. ప్రతి అలారాన్నీ నిజంగా పుట్టించి చూడండి: మెయిన్స్ దించండి, ఒక మాడ్యూల్ లాగండి, సెన్సర్‌ను గుప్పిట్లో పట్టుకోండి. మెసేజ్ రాత్రి డ్యూటీ మనిషి ఫోన్‌కు వచ్చిందా అన్నదే పరీక్ష.

నెలకోసారి ఏసీ ఫిల్టర్లు, రెక్టిఫైయర్ ఫ్యాన్ల దుమ్ము, సర్జ్ కిటికీ. మూడు నెలలకోసారి 24 సెల్స్ ఫ్లోట్ వోల్టేజి. 2.25 నుంచి 0.05 పక్కకు జరిగిన సెల్ మీద కన్నేయాలి. అప్పుడే థర్మల్ గన్‌తో ప్రతి లగ్గూ చూడండి. పక్క లగ్గు 34 డిగ్రీలుంటే ఇది 48 ఉందంటే లూజు. ఆరు నెలలకోసారి గంటన్నర లోడు పరీక్ష. ఎర్త్ రీడింగ్ ఏటా మే నెలలో, పోయినేడు పిన్నులు గుచ్చిన చోట్లే గుచ్చి తీయండి. ఆ చోట్లు గోడ మీద పెయింట్‌తో గుర్తు పెట్టి ఉంచితే వచ్చే ఏడు ఎవరు వచ్చినా అక్కడే గుచ్చుతారు.